సముద్రపు సూక్ష్మజీవుల ప్రోటీన్లు: అందరికీ తెరిచిన ఖజానా



ఒక మిల్లీలీటరు సముద్రపు నీటిలో సుమారు 10 లక్షల బాక్టీరియా ఉంటాయి. వీటిలో చాలావాటిని ప్రయోగశాలలో పెంచడం కుదరదు. మరి వాటి ప్రోటీన్లను ఎలా తెలుసుకుంటారు?

ముందు నీటిని సన్నని ఫిల్టరుతో వడకట్టి, అందులో మిగిలిన జీవుల నుండి డి.ఎన్.ఏ. తీస్తారు. దాన్ని యంత్రాలు అక్షరాల వరుసగా చదువుతాయి. ఏ జన్యువు నుండి ఏ ప్రోటీను తయారవుతుందో కంప్యూటరు లెక్కకడుతుంది. ప్రోటీను అంటే 20 రకాల అమైనో ఆమ్లాలనే పూసలతో గుచ్చిన దండ. ఆ పూసల వరుసనే సీక్వెన్సు అంటారు.

అమెరికాలోని మాంటెరే అఖాతం నీటిలో దొరికిన డి.ఎన్.ఏ. ద్వారా ప్రోటియోరొడాప్సిన్ అనే ప్రోటీను 2000లో బయటపడింది. ఇది సూర్యకాంతిని శక్తిగా మార్చుకోవడానికి తోడ్పడుతుంది. 2004లో క్రెయిగ్ వెంటర్ బృందం అట్లాంటిక్‌లోని సర్గాసో సముద్రం నుండి ఇలాంటి కొత్త జన్యువులనే 782 ప్రకటించింది. అదే బృందం 'సోర్సెరర్ 2' నౌకలో తిరిగి సేకరించిన నమూనాల నుండి 61 లక్షల ప్రోటీన్లను 2007లో లెక్కించింది. వాటిలో సుమారు 1,700 కుటుంబాలకు అప్పటికి తెలిసిన ఏ ప్రోటీనుతోనూ పోలిక దొరకలేదు!

ఈ సమాచారాన్ని వారు బీరువాలో దాచుకోలేదు. శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో 'కెమెరా' అనే డేటాబేస్ పెట్టి అందరికీ ఇచ్చారు. ఆ సైటు తర్వాత మూతపడినా, అమెరికా ప్రభుత్వ సంస్థ ఎన్.సి.బి.ఐ.లో కూడా సీక్వెన్సులను ఉంచినందువల్ల అవి పోలేదు. 2009లో ఫ్రాన్స్ నుండి బయలుదేరిన 'తారా' నౌక యాత్ర కూడా తన సమాచారాన్ని ఇలాగే అందరికీ ఇచ్చింది.

మీరూ ప్రయత్నించవచ్చు. ఎన్.సి.బి.ఐ. సైటులో 'ప్రోటీన్' విభాగం ఎంచుకుని, ప్రోటియోరొడాప్సిన్ పేరును ఇంగ్లీషులో టైపు చేసి, వచ్చిన సీక్వెన్సును కాపీ చేయండి. 'బ్లాస్ట్' అనే సాధనంలో దాన్ని అతికించండి. ప్రపంచమంతటి సీక్వెన్సులతో పోల్చి, ఏది ఎంత శాతం కలుస్తుందో చూపిస్తుంది. ఆల్ఫాఫోల్డ్ డేటాబేస్‌లో ప్రోటీను ఆకారాన్నీ చూడవచ్చు. అయితే అది కంప్యూటరు వేసిన అంచనా మాత్రమే. చివరికి ప్రయోగంతో రుజువు కావలసిందే.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. మా కాలేజీలో సీక్వెన్సింగ్ యంత్రం లేదు, పరిశోధన గురించి చెప్పడానికి తెలిసినవారూ లేరు. కానీ ఈ ఖజానా ఫీజు అడగదు, సిఫారసు అడగదు, తండ్రి ఏం చేస్తాడని అడగదు. నెట్ ఉన్న ఒక కంప్యూటరు, కొంచెం ఓపిక చాలు. తెర మీద ఇంగ్లీషు చూసి వెనక్కి తగ్గకండి. పదే పదే వచ్చే మాటలు కొన్నే, వారం రోజుల్లో అలవాటవుతాయి.

పనేమిటో తెలియని సముద్రపు ప్రోటీన్లు ఇంకా ఎన్నో ఉన్నాయి. వాటిలో ఒకదాని గుట్టు విప్పేవారు మన హాస్టల్ నుండి రావాలని నా కోరిక.

– ఒక పూర్వ విద్యార్థి, ఎం.ఎస్సీ.