దివిసీమకు దివిలో కాపలా

దివి అంటే ఆకాశం. మన దివిసీమ పేరుకూ ఆ ఆకాశానికీ సంబంధం లేదు. కృష్ణ పాయల నడుమ, సముద్రం అంచున వున్న దీవి కనుక ఆ పేరు వచ్చిందంటారు. అయినా యీ సీమ ప్రజల ప్రాణాలకూ, ఆకాశంలోకి పోయే రాకెట్లకూ గట్టి లంకె వుంది. శ్రీహరికోటలో రాకెట్టు లేచినప్పుడల్లా టీవీలో చూసి "మనకేమిటిలే" అనుకునేవారు యీ సంగతి వినాలి.

1977 నవంబరు 19, శనివారం. నాగాయలంక, కోడూరు వైపు పెద్దవాళ్ళకు తేదీ చెప్పనక్కరలేదు, 'ఉప్పెన' అంటే చాలు. సముద్రం అయిదు మీటర్ల ఎత్తున లేచి ఊళ్ళ మీద పడింది. సొర్లగొంది వంటి గ్రామాలు ఊడ్చుకుపోయాయి. ప్రభుత్వ లెక్క ప్రకారమే పదివేల మంది దాకా చనిపోయారు. పశువులకు లెక్కే లేదు.

తుఫాను వస్తోందని ఆనాడు అసలు తెలియకపోలేదు. అది ఎటు తిరుగుతుందో, ఎక్కడ తీరం దాటుతుందో పట్టి చూపే కన్ను మాత్రం మనకు లేదు. మన సముద్రం మీద నిలబడి రాత్రింబవళ్ళు చూసే సొంత ఉపగ్రహం అప్పటికి ఒక్కటీ లేదు. అమెరికా ఉపగ్రహాలు భూమి చుట్టూ తిరుగుతూ, మన మీదుగా పోయినప్పుడు మాత్రమే మేఘాల ఫొటోలు ఇచ్చేవి. ఒక ఫొటోకూ మరో ఫొటోకూ మధ్య తుఫాను చాలా దూరం నడిచిపోయేది.

ఈ తేడా రైతుకు సులువుగా అర్థమవుతుంది. గట్ల వెంట తిరిగే కావలివాడు అవతలి మూలకు వెళ్ళినప్పుడు ఇవతలి మూలలో గొడ్డు పడుతుంది. మంచె మీద కూర్చున్నవాడికి చేనంతా ఒక్కసారే కనబడుతుంది. భూమధ్యరేఖకు పైన సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉపగ్రహాన్ని నిలిపితే అదే మంచె. భూమి తన చుట్టూ తాను ఒకసారి తిరిగేసరికి ఉపగ్రహం కూడా ఒక చుట్టు పూర్తి చేస్తుంది. అందుచేత మనకు కదలకుండా ఒకే చోట వున్నట్టు వుంటుంది. మేఘాల పైభాగం చల్లదనాన్ని బట్టి చీకట్లోనూ తుఫానును గుర్తుపడుతుంది.

ఆ మంచె ఎక్కడానికి మనకు ఏళ్ళు పట్టింది. మొదటి ఇన్సాట్ 1982 ఏప్రిల్‌లో అమెరికా రాకెట్టు మీద వెళ్ళి, అయిదు నెలలు తిరక్కుండానే పనికిరాకుండా పోయింది. రెండవది ఇన్సాట్-1బి. 1983 ఆగస్టు 30న అమెరికా చాలెంజర్ షటిల్‌లో వెళ్ళింది. దాని సౌరఫలకం విచ్చుకోక కొన్నాళ్ళు శాస్త్రజ్ఞులను కంగారు పెట్టింది గాని చివరకు తెరుచుకుంది. తర్వాతి ఏళ్ళలో ఇన్సాట్ ద్వారానే తీర ప్రాంతాలకు తెలుగులో తుఫాను హెచ్చరిక పంపే ఏర్పాటు వచ్చింది. ఆఫీసులో పెట్టిన పెట్టె సైరన్ మోగించి మాట వినిపించేది. టెలిఫోను తీగలు తెగినా దానికి బాధ లేదు.

1990 మే 9న మరో పెను తుఫాను మన కృష్ణ ముఖద్వారం దగ్గరే తీరం దాటింది. ఈసారి లక్షల మందిని ముందే తరలించారు. చనిపోయినవారు వెయ్యిలోపు. అదీ తక్కువేమీ కాదు. కానీ 1977 చూసినవారికి ఆ అంకె విలువ తెలుసు. ఘనత అంతా ఉపగ్రహానిదే అనలేము. రాడార్లున్నాయి, తుఫాను షెల్టర్లున్నాయి, ఇల్లిల్లూ తిరిగి జనాన్ని కదిలించిన ఉద్యోగులున్నారు.

విజయవాడ నుంచి చెన్నై రైలులో సుమారు 350 కిలోమీటర్లు పోతే సూళ్ళూరుపేట. దాని పక్కనే శ్రీహరికోట. తూర్పున అంతా సముద్రమే, రాకెట్టు విఫలమైనా ఊళ్ళ మీద పడదు. పైగా భూమి తిరిగేది తూర్పు వైపే కాబట్టి ఆ ఊపు రాకెట్టుకు కలిసివస్తుంది. 1980 జూలై 18న ఇక్కడి నుంచి మన ఎస్.ఎల్.వి.-3 రాకెట్టు 35 కిలోల రోహిణిని కక్ష్యలో పెట్టింది. అంటే అర బస్తా ధాన్యం కూడా కాదు. 2024 ఫిబ్రవరి 17న జి.ఎస్.ఎల్.వి. మోసిన వాతావరణ ఉపగ్రహం ఇన్సాట్-3డి.ఎస్. బరువు 2,274 కిలోలు. మన 75 కిలోల బస్తాల లెక్కన 30 బస్తాలు. దాన్ని మోసిన రాకెట్టు బరువు 420 టన్నులు, అంటే 5,600 బస్తాలు! అందులో చాలా వరకు దారిలో కాలిపోయే ఇంధనమే.

అన్నీ గురి తప్పకుండా పోవు. వరదలను, తుఫానులను పైనుంచి వెంటవెంటనే చూపవలసిన ఇ.ఓ.ఎస్.-03 ఉపగ్రహం 2021 ఆగస్టు 12న దక్కకుండా పోయింది. హైడ్రోజన్ ట్యాంకులో ఒత్తిడి తగ్గి పై అంచె ఇంజను అంటుకోలేదు. ఆ రోజు టీవీలో చూసినవారికి అది ఇస్రో నష్టంగా తోచి వుండవచ్చు. నిజానికి తీరంలోని ప్రతి ఊరికీ నష్టమే.

ఇప్పుడు 3డి.ఆర్., 3డి.ఎస్. రెండూ వంతులు వేసుకుని పావుగంటకొక చిత్రం తీయగలవు. తుఫాను దగ్గరపడితే బందరులోని డాప్లర్ రాడార్ అందుకుంటుంది. హెచ్చరిక సెల్‌ఫోనుకే వచ్చేస్తోంది. సముద్రపు రంగు, వేడి కొలిచే ఉపగ్రహాలను బట్టి చేపలు ఎక్కడ దొరకవచ్చో హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ మత్స్యకారులకు చెబుతోంది.

అంతా బాగానే వుంది గాని, ఒక్క చోట లెక్క కుదరలేదు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. రోజుల ముందే తెలుసు. మనుషులు జాగ్రత్తపడ్డారు. డెల్టాలో కోతకొచ్చిన వరి, కోసి పరిచిన పనలు మాత్రం నీళ్ళలో నానాయి. నాలుగు రోజుల ముందు కబురు తెలిసినా, ఆ నాలుగు రోజుల్లో కోత మిషనూ, కూలీలూ, పట్టాలూ ఊరందరికీ ఒక్కసారే కావాలి. ఆ పట్టాలు ఎన్ని వున్నాయో, మిషన్లు ఎవరి పొలానికి ముందు వెళ్ళాలో 36,000 కిలోమీటర్ల పైనుంచి కనబడదు. అది అక్టోబరులోనే ఊళ్ళో కూర్చుని తేల్చుకోవలసిన పని.