ఉప్పునేలలో మొక్కకు చలువ పందిరి

నీడ విలువ ఎండలో నిలబడినవాడికే తెలుస్తుందని పెద్దలంటారు. మనిషికి ఎండ సోకితే ఏ చెట్టు కిందికో, మసీదు వరండాలోకో నడిచి వెళతాడు. మొక్క ఎక్కడికి వెళ్లగలదు? నాటినచోటే నిలబడి భరించాలి. కనుక నీడే దాని దగ్గరికి నడిచి రావాలి. ఉర్దూలో ‘సాయబాన్’ అని ఒక మంచి మాట ఉంది. నీడనిచ్చేది అని దాని అర్థం. ఇంటి ముందు గుడ్డతో కట్టే చిన్న పందిరికీ అదే పేరు. అలాంటి సాయబాన్‌ను ఇంట్లో ఉన్న వస్తువులతోనే మొక్కలకు ఎలా కట్టుకోవచ్చో ఈ వారం చెప్పుకుందాం.

శ్రీకాకుళం జిల్లాలో నౌపడ పేరు చెబితే రెండు విషయాలు గుర్తుకొస్తాయి. ఒకటి రైలు జంక్షన్. పర్లాకిమిడి రాజావారు వేయించగా 1900లో మొదలైన చిన్న రైలు మార్గం ఇక్కడి నుంచే బయలుదేరేది. రెండోది ఉప్పు. ఊరి పక్కన కనుచూపు మేర ఉప్పు మడులు. ఇటువంటి చోట పెరట్లో నాలుగు మొక్కలు పెంచాలనుకునే ఇల్లాలి కష్టం ఇంకొకరికి అర్థం కాదు. బావి నీటిలో ఉప్పు, గాలిలో ఉప్పు, నేలలో ఉప్పు. వీటికి తోడు వేసవి ఎండ. పుదీనా, కొత్తిమీర మార్చి దాటితే నిలవవు. గులాబీ ఆకుల అంచులు కాల్చినట్లు గోధుమ రంగుకు మారతాయి. ‘నీళ్లు చాలడం లేదేమో’ అని ఇంకో చెంబు పోస్తాం. మొక్క ఇంకా నీరసిస్తుంది.

ఉప్పు మడి నేర్పే పాఠం

ఎందుకిలా జరుగుతుందో తెలుసుకోవడానికి పెద్ద పుస్తకాలు అక్కరలేదు. ఊరి పక్కనున్న ఉప్పు మడిని చూస్తే చాలు. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. ఆ నీటిని లోతులేని మడుల్లోకి పెట్టి వదిలేస్తారు. ఎండ, గాలి కలిసి నీటిని పట్టుకుపోతాయి. ఉప్పు మాత్రం ఎగిరిపోదు, మడిలోనే మిగిలిపోతుంది.

మన పూలకుండీలోనూ జరిగేది అదే. లీటరుకు ఒక్క గ్రాము ఉప్పున్న నీటిని తాగి చూస్తే రుచి కాస్త తేడాగా ఉంటుంది, అంతే. ఆ నీటిని రోజుకు పది లీటర్ల చొప్పున వంద రోజులు ఒకే మడిలో పోశామనుకోండి. మడిలోకి వెయ్యి లీటర్ల నీటితోపాటు కిలో ఉప్పు కూడా చేరుతుంది. నీరు ఆవిరైపోతుంది, ఉప్పు ఉండిపోతుంది. మట్టి మీద తెల్లని పొర కడుతుంది. వేళ్ల చుట్టూ ఉప్పు పేరుకుంటే, నేలలో తడి ఉన్నా మొక్క దాన్ని పీల్చుకోలేదు. నీటి మధ్యలో ఉండి దాహంతో చనిపోతుంది.

ఇప్పుడు నీడ చేసే మేలు తెలుస్తుంది. నీడ పడితే మట్టి మీది తడి నిదానంగా ఆరుతుంది. ఆకులు తక్కువ నీటిని ఆవిరి చేస్తాయి. రోజుకు పది లీటర్లు అవసరమయ్యేచోట తక్కువ నీరు సరిపోతుంది. తక్కువ నీరు పోస్తే తక్కువ ఉప్పు చేరుతుంది. మంచినేల ఉన్న ఊళ్లలో పందిరి ఎండ నుంచి మాత్రమే కాపాడుతుంది. నౌపడ వంటి చోట ఉప్పు నుంచి కూడా కాపాడుతుంది.

మేము చేసిన పొరపాటు

ఈ సంగతి మేము తెలివితో తెలుసుకున్నది కాదు, దెబ్బతిని తెలుసుకున్నది. మా అమ్మీ తన పుట్టింటి నుంచి తెచ్చి నాటుకున్న దేశవాళీ గులాబీ ఒకటి మా పెరట్లో ఉండేది. ఆమె 2015లో అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు. ఆ తరువాత ఆ మొక్క మా ఇంట్లో మొక్కగా కాక మనిషిగానే ఉంది. 2018 వేసవిలో అది వాడిపోతుంటే చూడలేక, నాలుగు లావుపాటి సరుగుడు గుంజలు పాతి, తాటికమ్మలు దట్టంగా కప్పి పెద్ద పందిరి వేశాము. వేసవి గడిచింది. పందిరిని విప్పాలన్న ఆలోచన మాత్రం రాలేదు. వానలు వచ్చినా అది అలాగే ఉంది. నీడ ఎక్కువై మొక్క సన్నగా, పొడుగ్గా సాగింది. పూలు తగ్గాయి.

ఆ ఏడాది అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను మన జిల్లా తీరాన్ని దాటింది. ఉద్దానం కొబ్బరి, జీడి తోటలకు ఏ గతి పట్టిందో అందరికీ తెలుసు. అంతటి నష్టం ముందు మా పెరటి సంగతి లెక్కలోకి రాదు. కానీ తెల్లారి చూస్తే మా పందిరి గుంజలతో సహా కూలి సరిగ్గా గులాబీ మీదే పడి ఉంది. మొక్క మొదలు దగ్గర విరిగిపోయింది. నీడ కోసం వేసినదే దాన్ని చంపిందని మా ఇంటావిడ కన్నీళ్లు పెట్టుకుంది. మా దగ్గర జవాబు లేదు.

నెలన్నర తరువాత మొదట్లో నుంచి ఎర్రని చిగురు ఒకటి బయటికొచ్చింది. అది అంటుకట్టిన మొక్క కాదు, కొమ్మ నాటి పెంచినది. కనుక వేరు నుంచి వచ్చిన చిగురు కూడా అదే గులాబీ. ఆ లేత చిగురును 2019 వేసవి దాటించడం ఎలా అన్నదే అప్పుడు మా ముందున్న ప్రశ్న. నీడ కావాలి. కానీ అవసరమైనప్పుడే ఉండాలి. అక్కర లేనప్పుడు తీసేయగలగాలి. గాలివాన వస్తోందంటే మడిచి ఇంట్లో పెట్టుకోగలగాలి.

తిరగేసిన రెహల్

ఆలోచన మసీదులోనే తట్టింది. ఖుర్ఆన్ పఠించేటప్పుడు గ్రంథాన్ని ఉంచే రెహల్ మనందరికీ తెలుసు. తెరిస్తే నిలబడుతుంది, మూస్తే పలకలా అయిపోతుంది. రెండు తడికలను పై అంచున కట్టి, కింద విడదీసి నిలబెడితే అలాంటి అమరికే అవుతుంది. మధ్యలో ఇంటికప్పులా ఎత్తుగా, రెండు వైపులా వాలుగా ఉంటుంది.

కావలసినవి ఇవి. బొటనవేలంత లావున్న సరుగుడు కర్రలు లేదా వెదురు కర్రలు: నాలుగున్నర అడుగులవి నాలుగు, నాలుగు అడుగులవి నాలుగు, ఆరు అడుగులవి రెండు. కొబ్బరి తాడు లేదా నైలాన్ తాడు. పైన కప్పడానికి నాలుగు అడుగుల వెడల్పు, తొమ్మిది అడుగుల పొడవు ఉన్న గుడ్డ లేదా వల.

నాలుగున్నర అడుగుల కర్రలు రెండింటిని నేల మీద నాలుగు అడుగుల ఎడంతో పరచండి. పై కొసల దగ్గర ఒక అడ్డకర్ర, కింది కొసలకు అర అడుగు పైన ఇంకో అడ్డకర్ర పెట్టి తాడుతో గట్టిగా బిగించండి. ఆరడుగుల కర్రను మూల నుంచి మూలకు ఏటవాలుగా కట్టండి. ఈ ఏటవాలు కర్ర లేకపోతే చట్రం గాలికి పక్కకు ఒరుగుతుంది. దీన్ని మానవద్దు. ఇలాంటిదే రెండో చట్రం చేయండి.

రెండు చట్రాలనూ ఒకదాని మీద ఒకటి పెట్టి, పై అడ్డకర్రలను రెండు చివరలా, మధ్యలో ఒకచోట తాడుతో కలపండి. ఈ మూడు ముళ్లూ వదులుగా ఉండాలి. బిగిస్తే చట్రాలు తెరుచుకోవు. ఇక నిలబెట్టి కాళ్లను నాలుగు అడుగుల మేర విడదీయండి. ఎదురెదురు కాళ్ల అడుగున రెండు పక్కలా నాలుగు అడుగుల తాడు కట్టండి. కాళ్లు ఇంకా జారిపోకుండా ఇది ఆపుతుంది. మధ్యలో ఎత్తు నాలుగు అడుగులు వస్తుంది. కింద అర అడుగు ఖాళీ ఉంటుంది కనుక గాలి ఆడుతుంది.

మేకులు, ఇనుప తీగ వాడవద్దు. సముద్రపు గాలికి అవి త్వరగా తుప్పు పడతాయి. తాడు పాడైతే మార్చుకోవచ్చు.

పైన ఏమి కప్పాలి?

నర్సరీల్లో వాడే ఆకుపచ్చ లేదా నల్లని నీడ వల ఇప్పుడు పట్టణాల్లో దొరుకుతుంది. 35, 50, 75 శాతం అని రకాలుంటాయి. ఎంత ఎండను ఆపుతుందో ఆ అంకె చెబుతుంది. టమాటా, మిరప, గులాబీలకు 35 చాలు. పుదీనా, కొత్తిమీర, పాలకూర, లేత నారుకు 50 మంచిది. 75 శాతం వల నీడలో బతికే ఆకుమొక్కలకే.

వల కొనే స్తోమత లేకపోతే చింత అక్కరలేదు. పాత నూలు చీర ఒక పొర చాలు. కొబ్బరి మట్టను నిలువునా చీల్చి, ఆకులను పలచగా అల్లిన తడిక ఇంకా చల్లన. గోనెపట్టా తడిస్తే బరువెక్కుతుంది, జాగ్రత్త. ప్లాస్టిక్ షీటు మాత్రం వద్దే వద్దు. అది గాలిని ఆపి లోపల వేడిని బంధిస్తుంది.

నీడ సరిపోయిందా అని చూడటానికి ఒక చిన్న పరీక్ష. మధ్యాహ్నం పందిరి కింద చేయి చాపండి. చేతి నీడ నేల మీద మసకగా కనబడాలి. అసలే కనబడకపోతే కప్పు మరీ దట్టంగా ఉన్నట్టు.

వేళ తెలిసి వేయాలి

పందిరి కొన ఉత్తర దక్షిణాలుగా ఉండేలా నిలపండి. అప్పుడు ఒక వాలు తూర్పుకు, ఇంకొకటి పడమరకు ఉంటుంది. మన ప్రాంతంలో మే నెల మధ్యలో సూర్యుడు మధ్యాహ్నం సరిగ్గా నెత్తిమీదికి వస్తాడు. ఆ రోజుల్లో రెండు వాలులూ అవసరం. సాయంత్రపు ఎండను పడమటి వాలు ఆపుతుంది. ఉదయపు ఎండ మొక్కకు ఆహారం. దాన్ని ఆపవద్దు. పొద్దున పదింటి దాకా పందిరిని పక్కన పెట్టి, ఆ తరువాత తెచ్చి నిలిపి, నాలుగింటికి తీసేస్తే సరి. బడికి వెళ్లే పిల్లవాడు కూడా చేయగల పని ఇది. తొలకరి పడగానే మడిచి అటక మీద పెట్టండి.

పందిరి ఉందని నీటి విషయంలో అశ్రద్ధ పనికిరాదు. రోజూ కాస్త కాస్త చిలకరిస్తే ఉప్పు పైపైనే పేరుకుంటుంది. రెండు రోజులకొకసారి ఉదయమే నిండుగా పోస్తే అది వేళ్లను దాటి కిందికి దిగుతుంది. కుండీకి అడుగున రంధ్రం తప్పక ఉండాలి. తెల్లపొర కనబడితే పైమట్టి అర అంగుళం గీకి పారేయండి. వేళ్ల దగ్గర ఎండుటాకులు పరచండి. కొబ్బరి పీచు పరిచేవారు ముందుగా మంచినీటితో బాగా కడగాలి, అందులో కూడా ఉప్పు ఉండవచ్చు. వాన నీరు పట్టి పెట్టుకుంటే దాన్ని మించిన మందు లేదు.

మామూలు గాలికి కదలకుండా పందిరి కాళ్ల మీద ఇటుకలు పెట్టండి. లేదా పాత బియ్యం సంచిలో ఇసుక నింపి కొనకు వేలాడదీయండి. తుఫాను హెచ్చరిక వచ్చిందంటే మాత్రం బరువులను నమ్ముకోవద్దు. తాళ్లు విప్పి, మడిచి లోపల పెట్టండి. రెండు నిమిషాల పని. మేము 2018లో ఆ రెండు నిమిషాలూ చేయలేని పందిరి కట్టుకున్నాము.

మిగిలిన మాట

2019 వేసవిని ఆ చిగురు దాటింది. మరుసటి చలికాలానికి పూసింది. 2021లో మేము అద్దె ఇల్లు మారవలసి వచ్చినప్పుడు పందిరిని మడిచి ఆటో మీద కట్టి తీసుకెళ్లాము. గులాబీని పెకలించడానికి మనసొప్పలేదు. దాని కొమ్మ ఒకటి తీసి కొత్త పెరట్లో నాటి, పైన అదే పందిరి నిలిపాము. పాత ఇంట్లో చేరిన కుటుంబానికి తల్లిమొక్కను అప్పగించి, ఇలాంటి పందిరే ఇంకొకటి చేసిచ్చాము. ఇప్పుడు అమ్మీ గులాబీ రెండిళ్లలో పూస్తోంది.

ఒకరు నాటిన మొక్క నుంచి మనిషి తిన్నా, పశువు తిన్నా, పక్షి తిన్నా అది అతని ఖాతాలో సదఖాగా చేరుతుందని దైవప్రవక్త (స) బోధించిన సంగతి మనకు తెలుసు. నాటడంతో పని అయిపోదు. నాటినదాన్ని వేసవి దాటించాలి. అందుకు మనలో చాలామందికి సొంత స్థలం లేదు, పెద్ద పెరడు లేదు. అద్దె ఇంటి వాకిలిలో నాలుగు కుండీలే ఉండవచ్చు. ఆ నాలుగింటికీ సరిపోయే నీడను పది కర్రలు, ఒక పాత చీర ఇస్తాయి. వచ్చే శుక్రవారం నమాజు తరువాత పిల్లలను కూర్చోబెట్టుకుని కట్టి చూడండి. ముళ్లు మీరు వేయండి, తాడు వాళ్లు పట్టుకుంటారు.