మహమ్మారికి మొదటి కట్ట ఊరి ఆరోగ్య కేంద్రమే

తిరువూరు: పెద్ద జబ్బు చేస్తే తిరువూరు, గంపలగూడెం, విస్సన్నపేట, ఎ.కొండూరు మండలాల వారికి రెండే దారులు. మైలవరం మీదుగా సుమారు 70 కిలోమీటర్ల దూరాన ఉన్న విజయవాడ ఒకటి. సరిహద్దు దాటి ఖమ్మమో, హైదరాబాదో చేరడం రెండోది. 2021 మే నెలలో కోవిడ్ రెండో విడత విజృంభించినప్పుడు ఆ రెండో దారికి అడ్డుకట్ట పడింది. నేటి ఎన్టీఆర్ జిల్లాలోని గరికపాడు సరిహద్దులో ఆంధ్ర రోగుల అంబులెన్సులను తెలంగాణ పోలీసులు ఆపివేశారు. ఆసుపత్రిలో పడక ఖాయమైనట్లు ముందుగా అనుమతి ఉండాలన్నారు. తెలంగాణ హైకోర్టు జోక్యం చేసుకున్నాకే ఆ ఆంక్షకు తెరపడింది.

దూరాన ఉన్న ఆసుపత్రి మీదే ప్రాణాలు పెట్టుకుంటే ఏమవుతుందో ఆ రోజుల్లో అందరికీ తెలిసివచ్చింది. ఊళ్లో వైద్యాన్ని బలపరచాలని అంతకు పదేళ్ల ముందే ప్రభుత్వానికి నివేదిక ఇచ్చిన సంఘానికి నాయకత్వం వహించినది ఒక తెలుగు వైద్యుడే. ఆయన డాక్టర్ కె. శ్రీనాథ్ రెడ్డి.

గుండె వైద్యం నుంచి ప్రజారోగ్యానికి

శ్రీనాథ్ రెడ్డి గారు హైదరాబాదులోని ఉస్మానియా వైద్య కళాశాలలో చదివారు. ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో హృద్రోగ విభాగానికి అధిపతిగా పనిచేశారు. 2005లో పద్మభూషణ్ అందుకున్నారు. గుండెపోటు వచ్చాక వైద్యం చేయడం కంటే అది రాకుండా చూడడమే మేలని తలచి ప్రజారోగ్య రంగంలోకి వచ్చారు. 2006లో ఏర్పడిన భారత ప్రజారోగ్య సంస్థకు సారథ్యం వహించారు.

దేశంలో అందరికీ వైద్యం అందించే మార్గం చెప్పమని ప్రణాళికా సంఘం 2010లో ఒక నిపుణుల సంఘాన్ని నియమించింది. దానికి ఆయనే అధ్యక్షులు. 2011లో వచ్చిన నివేదిక సారాంశం ఇది: ఆరోగ్యానికి ప్రభుత్వాలు పెట్టే ఖర్చు జాతీయోత్పత్తిలో 1.2 శాతం మాత్రమే ఉంది. దాన్ని 2022 నాటికి కనీసం 3 శాతం చేయాలి. అందులో 70 శాతం ప్రాథమిక వైద్యానికే కేటాయించాలి. అవసరమైన మందులు ఉచితంగా ఇవ్వాలి.

పెద్ద ఆపరేషన్లకు బీమా ఇస్తే చాలదా అన్నది సహజంగా వచ్చే ప్రశ్న. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఎందరినో అప్పుల నుంచి కాపాడిన మాట నిజమే. కాని ఆసుపత్రిలో చేరేదాకా ముదరకుండా జబ్బును పట్టుకోవలసింది ఊళ్లోనే. ఆ పని బీమా కార్డు చేయలేదు.

బీపీకీ మహమ్మారికీ లంకె

కోవిడ్ సోకినవారిలో బీపీ, షుగరు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారికే ప్రాణాపాయం ఎక్కువని తేలింది. అంటే మామూలు రోజుల్లో బీపీ చూసి మాత్రలు ఇవ్వడం కూడా మహమ్మారిని ఎదుర్కొనే సన్నాహమే. ఎ.కొండూరు మండలం తండాల్లో మూత్రపిండాల జబ్బు ఎన్ని కుటుంబాలను కుంగదీసిందో ఈ ప్రాంతం వారికి వేరే చెప్పనక్కరలేదు. డయాలసిస్ మీద బతికే మనిషికి రాకపోకలు ఆగితే వారం గడవడమే గండం.

కొత్త జ్వరం ఊళ్లోకి వస్తే ముందుగా పసిగట్టేది కూడా ఆశా కార్యకర్త, ఏఎన్ఎం. ఒకే వీధిలో నలుగురికి జ్వరం వచ్చిందని పైవారికి తెలియజేసేది వారే. కోవిడ్ కాలంలో ఇల్లిల్లూ తిరిగి చేసిన సేవకు గాను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో భారతదేశపు ఆశా కార్యకర్తలను సత్కరించింది.

గడువు దాటింది

2017 జాతీయ ఆరోగ్య విధానం ప్రభుత్వ ఖర్చును 2025 నాటికి 2.5 శాతానికి చేర్చాలని చెప్పింది. ఆ గడువు దాటిపోయింది. జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం 2021-22లో అది 1.84 శాతం. వైద్యానికి అయ్యే ప్రతి వంద రూపాయల్లో ప్రజలు చేతి నుంచి పెట్టుకున్నది 39 రూపాయలు. 2013-14లో ఇది 64 రూపాయలు. భారం తగ్గింది గాని తీరలేదు.

అడగవలసింది మనమే

మైదాన ప్రాంతంలో 5,000 మందికి ఒక ఉపకేంద్రం, 30,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండాలన్నది ప్రభుత్వ నిబంధన. మన ఊరికి ఆ లెక్క సరిపోతున్నదా? బీపీ, షుగరు మాత్రలు నెలంతా దొరుకుతున్నాయా? ఏఎన్ఎం పోస్టు ఖాళీగా ఉన్నదా? గ్రామసభలో ఈ ప్రశ్నలు అడిగే హక్కు ప్రతి ఒక్కరికీ ఉంది. గ్రామ ఆరోగ్య, పారిశుధ్య, పోషణ కమిటీలు ఉన్నవి కూడా ఇందుకే.

రోడ్డు కోసం, మంచినీళ్ల కోసం అర్జీ పెట్టే ఊరు ఆరోగ్య ఉపకేంద్రం కోసం కూడా అర్జీ పెట్టాలి. వాన వచ్చాక చెరువుకట్ట వేయలేము. మహమ్మారి వచ్చాక ఆరోగ్య కేంద్రం కట్టుకోవడమూ అలాంటిదే.