మంగలికత్తి – తోలుపట్టె

హైదరాబాదు పాతబస్తీలో మంగలికత్తిని ‘ఉస్తరా’ యందురు. దానిని సానరాతిపై నూరుట వేఱు, తోలుపట్టెపై ఆడించుట వేఱు. సాన ఉక్కును అరగదీసి అంచును పుట్టించును. తోలు ఆ అంచును సరిచేసి నునుపు చేయును. గడ్డపు వెండ్రుక ఉక్కుకంటె సుమారు 50 రెట్లు మెత్తనిది. అయినను కత్తి మొద్దువాఱును! వెండ్రుక వంగినప్పుడు అంచునుండి సూక్ష్మమైన పెచ్చులూడవచ్చునని 2020లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయ పరిశోధకులు చూపిరి.

పట్టె యొక్క ఒక కొనను కొక్కెమునకు తగిలించి, రెండవ కొనను ఎడమచేత బిగువుగా లాగవలెను. వదులైనచో అంచు గుండ్రబడి చెడును. కుడిచేతి బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ కత్తి మెడను పట్టి, వెన్నును అంచును రెండును తోలును తాకునట్లు పరుండబెట్టవలెను. వెన్ను ముందు నడువవలెను, అంచు వెంబడింపవలెను. అంచు ముందైనచో తోలు తెగును. పట్టె చివరకు చేరగానే మణికట్టు త్రిప్పరాదు; వ్రేళ్ల నడుమనే కత్తిని వెన్నుమీదుగా దొర్లింపవలెను. క్రొత్తవాడు తొందరపడి అంచుమీదుగా త్రిప్పును. పట్టెపై గాటు పడును. అందుచే మొదట మొద్దుకత్తితో అలవడుట మేలు. బల మక్కఱలేదు, కత్తి బరువే చాలును. ఇంత జాగ్రత్త యేల యందురా? ఆ కత్తి పోవునది పరుల కంఠముమీదికి.

ఒకే కత్తిని పలువురకు వాడినచో రక్తముద్వారా కామెర్లు కలిగించు హెపటైటిస్ వంటి వ్యాధులు సోకవచ్చును. తోలును నీట మరగించుటకు వీలులేదు. కావున నేడు చార్మినారు పరిసరములందును ఒక్కొక్కరికి క్రొత్త బ్లేడు నమర్చు కత్తులే వాడుకలోనికి వచ్చినవి. మంచిదే. తన గడ్డమును తన కత్తితోనే గీసికొనువానికి మాత్రము తోలుపట్టె నేటికిని కావలసినదే.