మళ్ళీ పరుగు

1996లో బాన్ నగరంలో, అప్పటికింకా జర్మనీ పార్లమెంటుకు నెలవుగా ఉన్న భవనం పరిసరాలలో, నలభై ఎనిమిదేళ్ళ స్థూలకాయుడొకడు పరుగెత్త పూనుకున్నాడు. ఆయన తూకం 112 కిలోలు. కొన్ని వందల మీటర్లు పోయేసరికే ఊపిరి సలపని స్థితి. ఆయన ఎవరో దారినపోయే దానయ్య కాడు. పార్లమెంటులో హరితపక్షానికి నాయకుడైన యోష్కా ఫిషర్. ఎదుటిపక్షంవారిని మాటలతో చీల్చి చెండాడగల వక్తకు నాలుగడుగుల పరుగు ఆయాసకారణమైనది.

ఆయన మొదటినుంచీ లావుపాటి మనిషి కాడు. 1985లో హెస్సె రాష్ట్రానికి పర్యావరణమంత్రిగా ప్రమాణం చేసినప్పుడు తెల్లని ఆటబూట్లతో సభకు వచ్చి పెద్దలను నివ్వెరపరచినవాడు. ఆనాటి ఛాయాచిత్రాలలో సన్నగా, చురుకుగా కనిపిస్తాడు. ఆ బూట్లు తరువాత ఓఫెన్‌బాక్ పట్టణంలోని తోలువస్తువుల ప్రదర్శనశాలకు చేరినవి. వాటిని తొడిగిన కాళ్ళు మాత్రం పదేళ్ళలో పరుగును మరచిపోయినవి. రాజకీయవేత్తకు విందులకూ మద్యానికీ కొదవ ఉండదు, తీరికకే కొదవ.

1996లో సంసారం విచ్ఛిన్నమైనప్పుడు ఆయన తన బ్రదుకును తిరిగి చూచుకున్నాడు. మద్యం విడిచాడు, ఆహారం మార్చాడు, రైన్ నది గట్టువెంట పరుగును నిత్యవిధిగా పెట్టుకున్నాడు. ఏడాది తిరిగేసరికి తూకం 75 కిలోలకు దిగినది.

ఈ విషయంలో మన భాష తీరు విచిత్రమైనది. లావెక్కినవానిని ‘ఒళ్ళు చేశాడు’ అంటాము, అదేదో కష్టపడి సంపాదించినట్లు. తగ్గినవాడు కనబడితే ‘అయ్యో, చిక్కిపోయావేమి?’ అని పరామర్శిస్తాము. చిక్కటమంటే కృశించటమే కాదు, పట్టుబడటం కూడా. బరువు తగ్గినవాని పట్ల ఈ రెండవ అర్థం ఎంత నిజమో ముందు తెలుస్తుంది.

పరుగెత్తేవాని కాలు నేలను తాకినప్పుడల్లా, అతని బరువుకు రెండు మూడు రెట్ల తాకిడి ఆ కాలిపై పడుతుంది. 37 కిలోలు తగ్గినవానికి అడుగడుగునా 74 మొదలు 111 కిలోల వరకు భారం తప్పినదన్నమాట. కిలోమీటరుకు ఇంచుమించు వేయి అడుగులు! తేలికపడిన మనిషికి యౌవనంనాటి కాళ్ళు తిరిగి వచ్చినట్లు తోచటంలో ఆశ్చర్యం లేదు. అయితే ఆ తోపు మోసకారి. గుండె, ఊపిరితిత్తులు కొన్ని వారాలలోనే శ్రమకు అలవడతాయి. ఎముకలకు, కండలను ఎముకలతో కలిపే బంధాలకు నెలలు కావాలి. పైగా పోయిన బరువంతా కొవ్వు కాదు. కొంత కండ, ఎముకల గట్టిదనం కొంత దానితోపాటే పోతాయి. అందుచేతనే, ఒకప్పుడు మైళ్ళకు మైళ్ళు పరుగెత్తినవాడైనా సరే, ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడకగా మొదలుపెట్టి, ప్రక్కవానితో తడబడకుండా మాటాడగలిగిన వేగాన్ని మించకుండా ఉండటం మేలు. పాత జ్ఞాపకాన్ని నమ్మి పరుగెత్తినవారే మోకాలు పట్టుకొని కూర్చుంటారు.

ఫిషర్ ఆ దశను దాటాడు. 1998 ఏప్రిల్‌లో హాంబర్గ్ మారథాన్‌లో 42.195 కిలోమీటర్ల దూరాన్ని 3 గంటల 41 నిమిషాలలో పూర్తిచేశాడు. ఆ అక్టోబరులోనే విదేశాంగమంత్రి అయినాడు. 1999లో, తనను తాను చేరుకోవటానికి సాగించిన దీర్ఘమైన పరుగు అనే అర్థం వచ్చే పేరుతో తన కథను పుస్తకంగా ప్రకటించాడు. ఆ ఏడే న్యూయార్క్ మారథాన్‌లోనూ పాల్గొన్నాడు.

కాని అది కొసోవో యుద్ధం జరిగిన సంవత్సరం కూడా. పదవీభారం పెరిగినకొద్దీ పరుగు సన్నగిల్లినది. 2005లో పదవి వీడేనాటికి ఆయన మళ్ళీ ఒళ్ళు చేశాడు. ఆ ప్రకరణం పుస్తకంలో లేదు. ఉండటానికీ వీలు లేదు.

దీనిని చూచి నవ్వటం సులభం, న్యాయం మాత్రం కాదు. పరుగులో ఖర్చయ్యే శక్తి, స్థూలంగా, కిలో బరువుకు కిలోమీటరుకు ఒక కెలోరీ. 112 కిలోల మనిషి పది కిలోమీటర్లు పరుగెత్తితే 1120 కెలోరీలు ఖర్చవుతాయి; 75 కిలోలవాడు అంతే దూరం పోతే 750 మాత్రమే. అనగా చిక్కినకొద్దీ అదే పరుగుకు ఫలం తగ్గుతుంది. ఇంతేకాదు. కొవ్వు తగ్గితే లెప్టిన్ అనే రసం రక్తంలో తగ్గుతుంది. దానితో ఆకలి పెరుగుతుంది. కదలక కూర్చున్నప్పుడు ఒంటికి అయ్యే ఖర్చు కూడా తగ్గుతుంది. శరీరం పోయిన సొమ్ము కోసం తలుపు తట్టే అప్పులవానివలె ప్రవర్తిస్తుంది. మనిషి చిక్కాడంటే దానికి చిక్కాడనే అర్థం. వాయిదా తప్పిన నెలలోనే వడ్డీ మొదలవుతుంది. అది మంత్రి అయినా ఒకటే, బడిపంతులైనా ఒకటే.

తగ్గిన బరువును నిలుపుకొన్నవారు లేకపోలేదు. అట్టివారి వివరాలు సేకరించటానికి 1994లో అమెరికాలో ఒక నమోదు పట్టికను ఆరంభించారు. కనీసం 30 పౌనులు, అనగా 13.6 కిలోలు తగ్గి, ఏడాదికి తక్కువ కాకుండా నిలుపుకొన్నవారికే అందులో చోటు. వారిలో అధికసంఖ్యాకులు దినానికి ఇంచుమించు ఒక గంట శరీరశ్రమ చేస్తున్నామన్నారు. ఆ గంటలో ఏమి చేస్తారని అడిగితే ఎక్కువమంది చెప్పినది పరుగు కాదు, నడక.