అన్నపురాశియు నడుము చుట్టుకొలతయు

మన భాషలో 'అన్నము' అను మాటకు రెండర్థములు స్థిరపడినవి: ఉడికిన బియ్యము ఒకటి, భోజనము వేరొకటి. సంస్కృతమున 'అద్' ధాతువునుండి పుట్టిన యీ పదమునకు తినబడినదనియే మూలార్థము. ఆ లెక్కను గోధుమరొట్టెయు, గెనుసుగడ్డయు, పాలును అన్నములే. తెలుగువాడు మాత్రము ఆ విశాలార్థమునంతయు కుదించి వరిమెతుకునందే ప్రతిష్ఠించుకొన్నాడు. రెండు పెసరట్లు, గిన్నెడు ఉప్మా ఆరగించి కూర్చున్నవానిని 'అన్నము తింటివా?' యని యడిగినచో, 'ఇంకను లేదు, టిఫిను మాత్రమే' యని నిస్సంకోచముగా బదులు చెప్పును. అట్టివాడు పొట్ట పెరిగినదని వగచి, తెలిసినవారిని సలహా యడిగినపుడు మొట్టమొదట వినవచ్చు మాట 'అన్నము మానుము' అనునదే. అతడు మానును, పదునైదు దినములు చపాతీలతో కాలక్షేపము చేయును, ఏదో పెండ్లిలో విస్తరి ముందు కూర్చుండినపుడు వ్రతభంగమై, మరునాటినుండి మునుపటికంటె నొక ముద్ద ఎక్కువగనే తినసాగును. ఈ చక్రమున చిక్కుకొన్న మిత్రులను, బంధువులను చూచి చూచి, ఆ సలహాయందలి న్యాయాన్యాయములను కొంత తీరికగా విచారింపవలెనని నాకు తోచినది.

అన్నమునందు ప్రధానమైనది పిండిపదార్థము. శాస్త్రజ్ఞులు కార్బోహైడ్రేట్లని పిలుచు పెద్ద కుటుంబములో నిది యొక శాఖ. పంచదార, బెల్లము, తేనె ఆ కుటుంబమునకు చెందినవే. బియ్యము, గోధుమ, జొన్న, రాగి, కంద, చేమ ఆ కుటుంబమునకు చెందినవే. మాంసకృత్తులకు నెలవని మనము గౌరవించు కందిపప్పులో సైతము సగమునకు పైగా నున్నవి ఆ కుటుంబపు పదార్థములే. తోటకూర కాడలోని పీచు కూడ వీనికి దాయాదియే. ఐతే మన ప్రేవులు దానిని చక్కెరగా విడగొట్టలేవు గనుక, అది కడుపును నింపునేగాని కెలోరీలను అంతగా చేర్చదు. కావున పిండిపదార్థములు మానివేసితినని చెప్పువాడు, తానేమి మానెనో యేమి మానలేదో ముందు తెలిసికొనవలెను. గ్రాము పిండిపదార్థము శరీరమునకిచ్చు శక్తి 4 కెలోరీలు. గ్రాము మాంసకృత్తులిచ్చునదియు నంతే. గ్రాము క్రొవ్వు ఇచ్చునది 9 కెలోరీలు. ఒక పెద్దచెంచాడు, అనగా 15 గ్రాముల నూనె, నూరు గ్రాముల వండిన అన్నముతో శక్తియందు సరితూగును. పులిహోర, బిరియానీ, వేపుడుకూరలవలన పెరిగిన బరువునకు బియ్యమునొక్కదానినే దోషిగా నిలుపుట ధర్మము కాదు.

మెతుకు నోటిలో పడిన క్షణమునుండియే దాని పరిణామము మొదలగును. తెల్లని అన్నమును మ్రింగక కొంతసేపు నమలుచున్నచో తియ్యదనము పుట్టుట ఎల్లరును ఎఱిగినదే. లాలాజలము పిండిని చక్కెరగా విడగొట్టుటయే దానికి కారణము. చిన్నప్రేవులలో నా పని ముగిసి, గ్లూకోజు రక్తమున ప్రవేశింపగనే క్లోమగ్రంథి ఇన్సులినును స్రవించి, దానిని కండరములకును కాలేయమునకును చేర్పించును. కణములు దానిని దహించి ఏటీపీ యను శక్తిరూపముగా మార్చుకొనును; చేయి కదలుటకును, గుండె కొట్టుకొనుటకును వ్యయమగు నాణెము ఆ ఏటీపీయే. 1929 లో హార్వర్డు వైద్యకళాశాలయందు ఫిస్కీ యను శాస్త్రజ్ఞునితో గూడి దానిని కనుగొన్నవాడు భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆ యేటనే జర్మనీలో లోమన్ అనునతడును వేరుగా దానిని కనుగొనెను. మెతుకు శక్తియగు రహస్యమును విప్పిన కీర్తిలో పశ్చిమగోదావరి బిడ్డకు పాలున్నదని తలచినపుడెల్ల నాకు కలుగు సంతోషము ఇంతింత కాదు.

అప్పటికప్పుడు అక్కఱకు రాని గ్లూకోజును శరీరము గ్లైకోజెనుగా మార్చి, కాలేయమున సుమారు 100 గ్రాములు, కండరములలో సుమారు 400 గ్రాములు గాదెలలోవలె నిలువచేయును. ఈ గ్లైకోజెను గ్రాము గ్రామును దాదాపు 3 గ్రాముల నీరు అంటిపెట్టుకొని యుండును. అన్నము మానినవారి తొలి యానందమునకును, తుది నిరాశకును మూలమిచ్చటనే యున్నది. ధాన్యమును హఠాత్తుగా విడిచినవాని శరీరము మూడు నాలుగు దినములలో గాదెలను ఖాళీ చేసికొనును. అరకిలో గ్లైకోజెనుతో కిలోన్నర నీరు వెడలిపోవును. త్రాసుమీది ముల్లు రెండు కిలోలు వెనుకకు జరుగును. నడుముచుట్టునున్న క్రొవ్వు అప్పటికింకను కదలియే యుండదు. తరువాత రెండు పూటలు కడుపునిండ అన్నము తినగనే ఆ నీరు తిరిగివచ్చును. వచ్చినది నీరని యెఱుగక, ఆ మనుష్యుడు తన జన్మమే యింతయని నిస్పృహ చెందును. ఈ యొక్క సంగతి ముందుగా తెలిసియున్నచో ఎందఱి ప్రయత్నములో మధ్యలో వమ్ము కాకుండెడివి!

ధాన్యమును విడిచి చిక్కిపోవు నుపాయము నిన్న మొన్నటిది కాదు. 1863 లో లండను నగరమున విలియం బాంటింగ్ అను స్థూలకాయుడు, హార్వే యను వైద్యుని సలహాపై రొట్టె, వెన్న, పాలు, పంచదార, బీరు, బంగాళాదుంపలు విడిచి సన్నబడి, తన యనుభవమును చిన్న పుస్తకముగా అచ్చొత్తించెను. 1972 లో అమెరికాలో అట్కిన్స్ అను వైద్యుడు అట్టి పద్ధతినే గ్రంథరూపమున వెలువరించెను. ఇటీవల తెలుగునాట ధాన్యమును పూర్తిగా వర్జించి కొబ్బరినూనె సేవించు పద్ధతి ఊరూర వ్యాపించినది. వీనివలన తగ్గినవారు నిజముగనే తగ్గిరి. మధుమేహులలో కొందఱికి రక్తమునందలి చక్కెర అదుపునకు వచ్చినమాటయు వాస్తవమే. ఐతే తగ్గుటకు అదియొక్కటే త్రోవయా యన్నది వేఱు ప్రశ్న. 2018 లో స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమువారు 609 మందిని రెండు పాయలుగా విభజించి, ఒకరిచే క్రొవ్వును, ఒకరిచే పిండిపదార్థములను తగ్గింపించి, పండ్రెండు మాసములు పరిశీలించి ప్రకటించిన ఫలితము నాకు మిక్కిలి విలువైనదిగా కనబడును. క్రొవ్వు తగ్గించినవారు సగటున 5.3 కిలోలు, పిండి తగ్గించినవారు 6 కిలోలు తగ్గిరి. ఆ భేదము గణింపదగినది కాదని పరిశోధకులు తేల్చిరి. ఉభయులకును కూరగాయలు విరివిగా తినుడనియు, చక్కెరను, తెల్లపిండిని వీలైనంత దూరముంచుడనియు బోధింపబడెను. రెండు త్రోవలు కలిసినచోటు అదియే.

ఇంతకును మన తాతముత్తాతలు తినని అన్నమా? వారికి రాని పొట్ట మనకేల వచ్చినది? ఈ ప్రశ్న వేయువారు రెండు సంగతులు మఱచుచుందురు. మొదటిది, తెలుగువారందఱును ఆదినుండి వరియన్నము తిన్నవారు కారు. ధవళేశ్వరపు ఆనకట్ట 1852 లో పూర్తియైన పిదప గోదావరి డెల్టాలో వరి విస్తరించినది. రాయలసీమలో రాగిసంకటి, కొఱ్ఱన్నము, తెలంగాణమున జొన్నరొట్టె, గటక నిత్యాహారములై, తెల్లని వరియన్నము పెక్కిండ్ల పండుగనాటి వంటకముగనే యుండెడిది. 1983 లో నందమూరి తారకరామారావు ప్రభుత్వము కిలో రెండు రూపాయల బియ్యము పంచిపెట్టుటతో ఆకలి తీరినది, అది మహోపకారమే. దానివెంట జొన్న, రాగి పొయ్యిమీదినుండి క్రమముగా దిగిపోయినవి. రెండవది, శ్రమ. హైదరాబాదు తార్నాకలోనున్న జాతీయ పోషకాహార సంస్థ లెక్కప్రకారము, కాయకష్టము చేయు పురుషునికి దినమునకు 3,470 కెలోరీలు కావలసియుండగా, కూర్చుండి పనిచేయువానికి 2,110 చాలును. కూర్చుండి పనిచేయు స్త్రీకి 1,660 మాత్రమే. పురుషుల విషయమున ఆ వ్యత్యాసమునకు సరిపడు బియ్యమును తూచినచో 380 గ్రాములగును. నాగలి దింపి కంప్యూటరు ముందు కూర్చుండిన మనము, దుక్కిటెద్దువెంట నడచినవాని ముద్దలే నేటికిని కలుపుచున్నాము.

ఆ పోషకాహార సంస్థ చరిత్రమే బియ్యపుగింజతో ముడివడియున్నది. 1918 లో కూనూరున మెకారిసన్ దొర బెరిబెరి వ్యాధిపై ఆరంభించిన చిన్న పరిశోధనశాలయే పెరిగి, 1958 లో హైదరాబాదునకు తరలివచ్చినది. మరలో తవుడంతయు పోవునట్లు తెల్లగా పట్టిన బియ్యము తినుట ఆ వ్యాధికి హేతువు. నేడు బెరిబెరి అరుదైనను, ఆ తవుడుతోనే పీచును పోగొట్టుకొన్న గింజ త్వరగా జీర్ణమై త్వరగా ఆకలి పుట్టించుట మానలేదు.

ఐనను అన్నమును మించిన దోషము మన వడ్డనక్రమమున నున్నదని నా అభిప్రాయము. తెలుగు భోజనమున ప్రతి పదార్థమును తన వాటా అన్నమును తాను కోరును. పప్పు, నేయితో మొదలిడి, కూర కలుపుకొని, పులుసు పోసికొని, చారుతో మఱికొంత తిని, 'పెరుగులోనికి కొంచెము' అని మారు వడ్డించుకొనుటతో ముగించునప్పటికి, ఒక్కొక్కటి చిన్నదిగనే కనబడు అయిదు రాశులు కడుపులో చేరియుండును. అంతియేగాదు, మన కూరలు అన్నములో కలుపుకొనుటకే వండబడినవి. వట్టిగా నోట పెట్టుకొన్నచో ఉప్పు కటికగా, కారము ఘాటుగా నుండును. ఆ తీవ్రతను చప్పబఱచుటకు అన్నము కావలెను. ఒక్క ఆవకాయముక్క నాలుగు ముద్దలను లాగుకొనిపోవును. కావున కంచమున అన్నము తగ్గవలెనన్నచో ముందు కూరలో ఉప్పుకారములు తగ్గవలెను. ఈ సంబంధమును వంటింటివారు కాక వైద్యులు చెప్పగా నేను వినలేదు.

అన్నమునకు బదులుగా మనవారు చేయుచున్న యేర్పాటులను గూర్చి రెండు మాటలు చెప్పకతప్పదు. రాత్రిపూట అన్నము మాని టిఫిను చేయుట పట్టణములందు ఆచారమైనది. ఆ యిడ్లీలోనున్నది బియ్యపురవ్వయే, దోసెలో బియ్యముతోపాటు పెనముమీది నూనెయు నున్నది. నూరు గ్రాముల బియ్యమున 356 కెలోరీలుండగా, గోధుమపిండిలో 320, జొన్నలో 334, రాగిలో 321 ఉన్నవి. చపాతీకిగల నిజమైన సుగుణములు పీచు అధికమగుటయు, ఎన్ని తింటిమో లెక్కపెట్టుకొనుటకు వీలగుటయు. అన్నమున కా లెక్క లేదు. రాగిలో పీచు బియ్యముకంటె నాలుగింతలు, సున్నమన్ననో కొల్లలు. అందుచే త్వరగా తృప్తి కలుగును. అట్లని రాగిముద్దను కొలత లేక తిన్నచో నదియు క్రొవ్వుగనే మిగులును. బాపట్లలో పుట్టి 1986 లో వెలువడిన సాంబమసూరి బియ్యమును హైదరాబాదు శాస్త్రజ్ఞులు మెఱుగుపఱచి రూపొందించిన వంగడము రక్తమునందలి చక్కెరను నెమ్మదిగా పెంచునని తేలినది, మధుమేహులకది శుభవార్త. కెలోరీలు మాత్రము ఆ గింజలోను తగ్గలేదు. అన్నము చల్లాఱినపుడు అందలి పిండిలో స్వల్పభాగము సులభముగా జీర్ణము కాని రూపమును పొందుట నిజమే, చద్దన్నమునకు గల యీ గుణము ఆనందదాయకమే. ఐతే దానియందలి లాభము చిటికెడే.

ఇక లెక్కకు వత్తము. ఎలక్ట్రిక్ కుక్కరుతో వచ్చు చిన్న కొలగిన్నెకు దాదాపు 150 గ్రాముల బియ్యము పట్టును. రెండు పూటలకు రెండు గిన్నెలు తిను మనుష్యునకు అన్నముద్వారానే వేయికి పైబడి కెలోరీలు అందుచున్నవి. అతడు పూటకు మూడవవంతు, అనగా దినమునకు నూరు గ్రాముల బియ్యము తగ్గించి, ఆ చోట 40 గ్రాముల కందిపప్పును, పావుకిలోకు కొంచెము తక్కువగా బీర, సొర, దొండ వంటి కూరలను చేర్చుకొన్నాడనుకొందము. కడుపు వెలితి కాదు, మాంసకృత్తులు పెరుగును, దినమునకు సుమారు 170 కెలోరీలు తగ్గును. నెల తిరుగునప్పటికి అర్ధకిలోకు కొంచెము పైన క్రొవ్వు కరగవలెను. ఇది మందగమనమని నిట్టూర్చువారు, తాము పెరిగిన తీరును జ్ఞప్తికి తెచ్చుకొనవలెను: పదిసంవత్సరములలో ఏటికొక కిలో చొప్పున పెరిగినదానిని పదిదినములలో దింపుకొనుమని శరీరమును నిర్బంధించుట క్రూరము. జాతీయ పోషకాహార సంస్థ 2024 లో ప్రకటించిన సూచనలలో ధాన్యములనుండి వచ్చు శక్తి మొత్తమున 45 శాతము మించరాదనియు, చక్కెర దినమునకు 25 గ్రాములకు లోబడి యుండవలెననియు చెప్పబడినది. ధాన్యమును వెలివేయుమని యెచ్చటను చెప్పబడలేదు. కాఫీలోని రెండు చెంచాల పంచదారను, సాయంకాలపు బిస్కట్లను, కూల్‌డ్రింకును మాత్రము తొలుత విడువదగినవిగా నేను భావింతును, ఏలయన వానివెంట పీచు లేదు, పప్పు లేదు, తృప్తియు లేదు.

ఒక హెచ్చరిక. ఇన్సులిను సూదులు, చక్కెరను తగ్గించు మాత్రలు వాడువారు ధాన్యమును తమంతట తామొక్కసారి తగ్గించినచో రక్తమున చక్కెర ప్రమాదకరముగా పడిపోవచ్చును. ముందు వైద్యునితో మాటాడి, మందు మోతాదు సరిచేసికొనవలెను. గర్భిణులును, ఎదుగు పిల్లలును ఈ ప్రయోగములకు దూరముగా నుండుట మేలు.

మిగిలినవారు చేయవలసినది కంచము దగ్గఱ కాక వంటింటనే మొదలుకావలెను. కుక్కరులో బియ్యము పోయునపుడే కొలగిన్నెను నిండుగా ముంపక మూడింట రెండుపాళ్లు ముంచవలెను. వండినపిదప మారు వడ్డింపకుండ నుండుట ఏ తల్లికిని సాధ్యము కాదు. బీరకాయ కూరలో ఉప్పును, కారమును గరిటెకు గరిటెగా తినగలిగినంత మెత్తబఱచి, పప్పుతోపాటు ముందు వడ్డించి, నాలుగు నిమిషములు గడచిన తరువాత అన్నపుగిన్నెను తేవలెను. కూరయు పప్పును ముందు పోయినచో పిదప చేరిన అన్నము రక్తమున చక్కెరను అంత తొందరగా పెంచదు. పులుసునకును చారునకును వేర్వేఱు వాటాలీయక ఒకదానిని నేటికి, రెండవదానిని రేపటికి ఉంచవచ్చును. పెరుగును మజ్జిగగా చిలికి గ్లాసుతో త్రాగినచో చివరి రాశి తనంతట తగ్గును. ఆవకాయ జాడీని అటకమీది కెక్కింప నక్కఱలేదు. దాని ముక్కను చివరి ముద్దకు గాక మొదటి ముద్దకు ఇచ్చిన చాలును.