మోటారుసైకిలు కాలి మీటలను ముందునకు జరుపుట

హైదరాబాదునుండి నాగపూరునకు పోవు పెద్ద రహదారిపై మెదకు జిల్లాలోని తూప్రాను పట్టణమున్నది. ఒకప్పుడు 7వ నెంబరు జాతీయ రహదారి యనబడిన యీ బాటకు నేడు 44వ నెంబరు. లారీలును, బస్సులును, కార్లును వేగముగా పరుగెత్తు నిట్టి బాటపైననే పల్లెలవారు తమ పాత మోటారుసైకిళ్లపై సంతకును, బ్యాంకునకును, ఆసుపత్రికిని పోయి వచ్చుచుందురు. బండితోపాటు దానిని నడుపువాని మోకాళ్లును ముదురుచున్నవి. గంటసేపు మోకాలు మడచి కూర్చుండజాలని పెద్దలును, కాళ్లు చాచి దర్జాగా కూర్చుండగోరు కుర్రవారును మెకానిక్కు నడుగు కోరిక యొక్కటియే: పాదపీఠములను ముందునకు జరుపుమని. ఆ పని యెట్లు జరుగును, అందు మేలేమి, ప్రమాదమేమి యను సంగతిని విచారింతము.

కాళ్లు ముందునకు చాచి నడుపు బండి క్రొత్త కల్పన కాదు. అమెరికాలో హార్లే డేవిడ్‌సన్, ఇండియన్ అను సంస్థల పాత బండ్లకు పాదముల క్రింద వెడల్పయిన పలకలుండెడివి. తరువాత 1960వ దశకములో ఆ దేశపు యువకులు ముందుచక్రమును దూరముగా సాచి, పాదపీఠములను ముందునకు జరిపి, బండ్లను తమ యిచ్చవచ్చినట్లు మార్చుకొనిరి. 1969లో వెలువడిన ‘ఈజీ రైడర్’ అను చలనచిత్రము ఆ వేడుకను లోకమంతట చాటినది. మన దేశములో 2005లో వచ్చిన బజాజ్ అవెంజరువంటి బండ్లు తయారైనప్పుడే పాదపీఠములు ముందునకు ఉండునట్లు వెలువడినవి. అట్టి బండ్లలో చట్రము, ఆసనము, చేతిపిడి మూడును ఆ కూర్పునకు తగినట్లు చేయబడినవి. పాత బుల్లెట్టు సంగతి వేరు. ఇంగ్లండులో పుట్టిన యీ బండిని 1955లో మదరాసు మోటార్సువారు రాయల్ ఎన్‌ఫీల్డుతో కూడి ఎన్‌ఫీల్డ్ ఇండియా సంస్థను స్థాపించి మన దేశములో చేయ నారంభించిరి. దాని కూర్పు నిటారుగా కూర్చుండువానికొరకు ఏర్పడినది.

నడుపువాని పాదములకు మూడు పనులు కలవు. పాదపీఠముపై నిలుచుట మొదటిది. వెనుకచక్రపు బ్రేకు నొక్కుట రెండవది. గేరు మార్చుట మూడవది. పాత నాలుగు గేర్ల బుల్లెట్టులో గేరు మీట కుడివైపునను, బ్రేకు మీట ఎడమవైపునను ఉండును. పాదపీఠము నొక్కదానినే ముందునకు జరిపి మీటలను వెనుకనే వదలినచో బండి నడుపుటకు పనికిరాదు. కావున మూడింటిని కలిపి జరుపవలెను. వీనిలో పాదము నిలుపు చోటును మార్చుట సులభము. పాదపు బలము బ్రేకునకు చేరు త్రోవను మార్చుటయే కష్టము. ప్రాణము ఆ త్రోవపైననే ఆధారపడియున్నది.

మొదట పాదపీఠము సంగతి. పాత బుల్లెట్టు చట్రమునకు ఇంజను క్రిందుగా పోవు గొట్టము లేదు. ముందు గొట్టము ఇంజనువద్ద ముగియును. ఆ పైన ఇంజనే చట్రములో భాగమై బరువు మోయును. కనుక ముందు పాదపీఠములకు ఆధారముగా, ఇంజనును ముందు గొట్టమునకు బిగించు బోల్టులవద్దనే ఇనుపపలకలను అమర్చుకొనుట వాడుక. అవి సామాన్యమైన బోల్టులు కావు. ఇంజను భారమును మోయునవి. వానిని తీసి పొడుగు బోల్టులు వేసినప్పుడు అంతే లావుగల, గట్టి ఉక్కుతో చేసిన బోల్టులనే వేయవలెను. అంగడిలో చౌకగా దొరకు మెత్తని ఇనుప బోల్టు సాగి తెగును. పలక మందము ఆరు, ఎనిమిది మిల్లీమీటర్లకు తగ్గరాదు. చట్రపు గొట్టమునకే నేరుగా వెల్డింగు చేయుట తగదు. ఆ వేడికి అచట గొట్టము బలహీనపడి, గతుకులలో కొన్నాళ్లకు పగులువారును. బోల్టులతో బిగించిన దానిని నచ్చనిచో విప్పి, బండిని పూర్వస్థితికి తేవచ్చును. వెల్డింగు చేసినదానికి ఆ వీలు లేదు.

పాదపీఠము కదలకుండ బిగిసియుండరాదు. క్రింద దేనికైనను తగిలినయెడల పైకి మడుగునట్లు కీలును, తిరిగి దింపు స్ప్రింగును ఉండవలెను. మలుపులో బండి ఒరిగినప్పుడు మడవని ఇనుపకమ్మి నేలను తాకెనా, బండినే పైకెత్తి పడవేయును. కుడివైపున వేడిగొట్టము క్రిందికి దిగును గనుక, పాదమునకును గొట్టమునకును నడుమ ఎడముండునట్లు చూచుకొనవలెను.

ఇక బ్రేకు. గడ్డపారతో బండరాయి నెత్తిన ప్రతివానికిని దీని సూత్రము తెలిసినదే. ఆనించిన చోటునుండి చేతివైపు పొడుగెక్కువ, రాతివైపు పొడుగు తక్కువ యైనప్పుడే బలము హెచ్చును. బ్రేకు మీటయు అట్టిదే. ఉదాహరణకు తిరుగు మొలనుండి పాదము నొక్కు చోటు పది అంగుళములు, కమ్మీ తగిలించిన చోటు రెండంగుళములు అనుకొందము. పాదముతో ఇరువది కిలోల బలము పెట్టినచో కమ్మీని నూరుకిలోల బలము లాగును. క్రొత్త మీటను చేయువాడు చూపునకు చక్కగా నుండునని ఆరంగుళములకే కత్తిరించి, రెండవ కొలతను అట్లే ఉంచెనేని, అదే పాదము అరువది కిలోలే లాగును. బండి నిలువవలసిన చోట నిలువదు. కనుక పాత మీటలోని రెండు కొలతలను ముందుగా కొలిచి వ్రాసికొని, ఆ పాలు తగ్గకుండ క్రొత్తదానిని చేయవలెను. నడుమ మరియొక మీటను చేర్చినయెడల దాని పాలును లెక్కలోనికి తీసికొనవలెను.

రెండవ నియమము: కమ్మీని లాగునట్లు అమర్చవలెనేగాని త్రోయునట్లు అమర్చరాదు. చేంతాడుతో బొక్కెనను పైకి లాగవచ్చునుగాని క్రిందికి త్రోయలేము గదా. సన్నని ఇనుపకమ్మీ చేంతాడంత మెత్తన కాకున్నను, పొడుగెక్కువైనకొలది త్రోసినప్పుడు వంగును. వంగినంతమేర పాదపు బలము వ్యర్థము. మీట తిరుగు మొలకు గన్‌మెటల్ బుష్షు వేయించి, గ్రీజు పట్టించవలెను. ప్రతి కీలునందును నట్టు విడిపోకుండ స్ప్లిట్ పిన్ను ఉండితీరవలెను. బ్రేకు నొక్కినప్పుడు వెనుక యెఱ్ఱదీపము వెలుగుటకైన స్విచ్చి పాత మీటవద్దనే యుండును. దానిని మరచినచో వెనుక వచ్చు లారీవానికి మనము ఆగుచున్న జాడ తెలియదు.

గేరునకు బలముతో పనిలేదు, ఒద్దికతో పని. ముందు మీటనుండి వెనుక ఇరుసునకు ఒక కమ్మీని, రెండు కొనలయందు బాల్ జాయింట్లతో కలుపుదురు. ఒక కొనకు కుడిమరయు, ఒక కొనకు ఎడమమరయు ఉన్నచో కమ్మీని త్రిప్పినంతనే దాని పొడుగు హెచ్చుతగ్గులగును. ముందు వెనుకల చిన్నచేతులు రెండును ఒకే కొలతతో, ఒకే దిక్కునకు ఉండవలెను. ఒకటి పైకి, ఒకటి క్రిందికి పెట్టినచో వరుస తలక్రిందులగును. ఆ పాత బుల్లెట్టులో మొదటి గేరు పైకి, తక్కిన మూడును క్రిందికి. ఏండ్ల తరబడి పాదమునకు అలవడిన వరుస తారుమారైనప్పుడు, ఆపదలో పాదము పాత అలవాటునే చేయును.

పని ముగిసినదని మెకానిక్కు చెప్పగానే రహదారి కెక్కరాదు. మార్పునకు పూర్వమే ఖాళీ మైదానములో సున్నముతో గీత గీచి, గంటకు ఇరువది కిలోమీటర్ల వేగముతో వచ్చి, గీతవద్ద కాలి బ్రేకు నొక్కి, ఎంత దూరములో నిలిచినదో కొలిచి యుంచుకొనవలెను. మార్పు తరువాత అదే చోట, అదే వేగముతో మరల కొలువవలెను. ఆ దూరము పెరిగినచో పని కుదరలేదన్నమాట. ఎంత సొగసుగానున్నను విప్పించవలసినదే. నిలిచియున్న బండిపై మీటను శరీరభారముతో పలుమార్లు త్రొక్కి, పలకగాని కమ్మీగాని వంగుచున్నదేమో చూడవలెను. వెనుక ఒకరిని కూర్చుండబెట్టియు పరీక్షించవలెను. బరువునకు వెనుకచక్రము కదలినప్పుడు బ్రేకు బిగుసుకొనరాదు.

బండ్ల ముందుండు లెగ్‌గార్డుపై పాదములు చాచి పోవుట మనవారిలో పరిపాటి. మోకాలికి హాయియే. కాని అచట పాదమునకు బ్రేకు అందదు. గంటకు అరువది కిలోమీటర్ల వేగమున బండి ఒక్క సెకండులో సుమారు పదునేడు మీటర్లు పోవును. పాదము మీటకు చేరులోపల అరసెకండు గడచినను ఎనిమిది మీటర్లు చేజారినవి. పశువు అడ్డు వచ్చినప్పుడు ఆ ఎనిమిది మీటర్లే ప్రాణమునకును, ప్రమాదమునకును నడుమనున్న ఎడము.

శరీరపు సంగతియు ఆలోచింపవలెను. పాదములు ముందునకు పోయినప్పుడు మోకాలికి ఊరట కలుగును, నిజమే. కాని బరువంతయు నడుముపైనను, వెన్ను కొసపైనను పడును. గతుకు వచ్చినప్పుడు పాదపీఠములపై లేచి కుదుపును కాళ్లతో కాచుకొను వీలుండదు. మోకాలి నొప్పితోపాటు నడుము నొప్పియు గలవారికి ఈ మార్పు హితము గాదు. అట్టివారికి సులభోపాయ మొకటి కలదు: ఆసనముపై ఒకటి రెండంగుళముల మందము పెంచినచో మోకాలు కొంత విచ్చుకొనును. పాదములు నేలకు చక్కగా ఆనుచుండిన చాలును. మీటల జోలికి పోనక్కరలేదు.

చివరకు చట్టము. 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 52వ విభాగము ప్రకారము, రిజిస్ట్రేషను పత్రములోని వివరములు తయారీదారు మొదట తెలిపినవానికి భిన్నమగునట్లు బండిని మార్చరాదు. 2019 సవరణ తరువాత చట్టము సమ్మతింపని మార్పునకు ఆరు నెలలవరకు జైలుగాని, ఒక్కొక్క మార్పునకు 5,000 రూపాయల జుల్మానాగాని, రెండునుగాని విధింపవచ్చును. అయితే అంగవైకల్యము గలవారి సౌకర్యమునకై బండిని మార్చుకొనుటకు అదే చట్టములో దారి కలదు. కాబట్టి చేయదలచిన మార్పును ముందుగా జిల్లా రవాణాధికారికి చూపి, వ్రాతపూర్వకమైన అనుమతి పొందిన పిదపనే పనికి పూనుకొనవలెను. బీమా సంస్థకును తెలుపవలెను. లేనియెడల ప్రమాదము జరిగినప్పుడు పరిహారమునకు చిక్కు రావచ్చును.

ఇంటి కుర్రవాడు ఈ పనికి డబ్బడిగినప్పుడు పెద్దలు అతనిని కసరనక్కరలేదు. మూడు ప్రశ్నలు వేసిన చాలును. బ్రేకు మీట పాత కొలతలెంత, క్రొత్త కొలతలెంత? మార్పునకు ముందు బండి ఎంత దూరములో నిలిచినది, తరువాత ఎంతలో నిలుచుచున్నది? అధికారి అనుమతి పత్రమేది? ఈ మూడింటికిని సరియైన సమాధానము దొరకినచో కాళ్లు చాచుకొని పోవచ్చును. ఏ యొక్కదానికి జవాబు లేకున్నను ఆ బండిని రహదారికి పోనీయకుండుటయే పెద్దరికము.